పక్కన పెట్టిన పిలుపు

ఆఫీసులో ఆయన్ని తర్వాత గారు అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆ పేరు పెట్టినవాడు ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పెట్టే టెస్టరు. ఏది అడిగినా "తర్వాత చూద్దాం" అనే మనిషికి ఇంతకంటే అతికినట్టుండే పేరు దొరకదని అందరూ ఒప్పుకున్నారు. ఆయన మాత్రం తనకి అభ్యంతరం ఉందనీ, అదేమిటో తర్వాత చెప్తాననీ అన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు.

అలాగని ఆయన్ని బద్ధకస్తుడు అనుకునేరు. ఆ మాటంటే కళ్ళు పోతాయి. ఆఫీసుకి అందరికంటే ముందు వచ్చేదీ, కుర్చీకి అతుక్కుపోయి పనిచేసేదీ ఆయనే. పని చేయడం ఆయనకి వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు. పని అయిపోయిందని ఒప్పుకోవడమే రాదు. ఇంకాస్త బాగు చేయొచ్చేమో, ఎవరైనా చూసి నవ్వుతారేమో అని ఒక చిన్న భయం ఆయన లోపల కాపురం పెట్టేసింది. అది బయటికి వచ్చినప్పుడల్లా "తర్వాత" అనే వేషం కట్టుకుని వస్తుంది.

ఇంట్లో బాత్‌రూం కొళాయి కారుతుంటే ప్లంబర్ని పిలవనివ్వలేదు. తనే విప్పాడు. లోపం ఎక్కడుందో కనిపెట్టాడు. ముక్కలన్నీ కడిగి, తుడిచి, ఏది ముందు ఏది వెనక బిగించాలో ఆ వరసలోనే పాత పేపరు మీద పరిచాడు. వాషరు ఇంకాస్త మంచిది దొరుకుతుందేమోనని ఆగాడు. ఆ పేపరు ఇప్పటికీ కిటికీ కింద అలాగే ఉంది. మొగుడూ పెళ్ళాం వంటింట్లోంచి బకెట్లతో నీళ్ళు మోసుకుని స్నానాలు చేస్తున్నారు. కొళాయి కారడం మాత్రం ఆగిపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి.

పెళ్ళి సంగతీ ఇంతే. ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళు. ఒకరంటే ఒకరికి ఇష్టమన్న సంగతి కాఫీ మెషీనుకి కూడా తెలుసు. ఈయన నోరు విప్పితేగా! చివరికి ఆవిడే విసిగిపోయి, "నాకు ఇష్టమేనండీ, మరి మీ సంగతేంటి?" అని అడిగేసింది. "ఒక్క వారం టైమివ్వండి" అన్నాడు మహానుభావుడు. ఇష్టం లేక కాదు, జవాబు ఇంకాస్త బాగా చెప్పాలని. వారం గడిచాక ఆవిడే వచ్చి, "మీరు చెప్పబోయేది సరే అనేగా? చెప్పేశారనుకుంటాను, పదండి" అంది. ఆయన తల్లి ఈ కథ విని, "వాడు పుట్టడం కూడా డాక్టరు చెప్పిన రోజుకి పుట్టలేదమ్మా, నువ్వింక ఓపిక పట్టాల్సిందే" అని కోడల్ని ఓదార్చింది.

ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉంటుంది. మెట్లు ఇరుకు. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే గోడకి అతుక్కుని దారి ఇవ్వాలి. ఆ మెట్ల మీద ఉన్నంతసేపూ వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. పైనున్న గాజు తలుపు తోసి లోపల అడుగుపెట్టారా, ఆవిడ జట్టుకి లీడు, ఆయన ఆవిడ కింద పనిచేసే నలుగురిలో ఒకడు. ఆయన "మేడం" అంటాడు, ఆవిడ "సార్" అంటుంది. ఆ సార్‌లో వెటకారం పాలు ఎంతన్నది ఆ పొద్దున బాత్‌రూంలోకి ఎవరు నీళ్ళు మోశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

వాళ్ళు తయారుచేసేది ఆసుపత్రుల కోసం ఒక ప్రోగ్రాం. రోగులు వస్తారు, టోకెన్ తీసుకుంటారు, హాల్లో కుర్చీల్లో కూర్చుంటారు. గోడ మీది తెర ఒక్కో నంబరే చూపిస్తుంది, మైకులో గొంతు పిలుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. పిలిచినప్పుడు మనిషి కుర్చీలో లేకపోతే ఏం చేయాలి? మంచినీళ్ళకి వెళ్ళి ఉండొచ్చు, ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళి ఉండొచ్చు, కుర్చీలోనే కునుకు తీస్తూ ఉండొచ్చు. వాళ్ళ సంగతి చూసుకునే భాగానికి "పిలుపు" అని ఆవిడే మీటింగులో పేరు పెట్టింది. రాసే పని తర్వాత గారికి అప్పజెప్పింది.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఇంకో ఊళ్ళో ఆఫీసు తెరుస్తామంది. దానికి ఆవిడే పెద్ద. వెళ్ళనంటే కుదరదు, ఇక్కడి ఆవిడ కుర్చీ అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఆవిడతోపాటు ఇంకొక్కరికే అక్కడ చోటుంది. మేనేజరు మొహమాటం లేకుండా చెప్పాడు.

"మీ ఆయన్నే తీసుకెళ్ళండి మేడం, నాకేం కష్టం లేదు. కానీ పిలుపు అతని చేతి మీదుగా మూడో నెలాఖరుకి రావాలి. రాకపోతే మీరు వెళ్తారు, అతను ఇక్కడే ఉంటాడు. భార్యాభర్తలని కుర్చీలు పంచానని రేపు పైవాళ్ళు నన్ను అడక్కూడదు కదా."

ఆ సాయంత్రం మెట్ల మీద ఆవిడ ఆగిపోయింది. "ఏవండీ, ఇది కొళాయి కాదు. ఇది చేయకపోతే మనం తలో ఊళ్ళో ఉండాలి. మీరు లేకుండా ఉండటం నా వల్ల కాదు."

"నా వల్ల మాత్రం అవుతుందా? చేస్తాలే."

"చేస్తాలే కాదు. చేయండి."

చేశాడండీ. నిజంగానే చేశాడు. ఆ మర్నాడే మొదలుపెట్టాడు, ప్రాణం పెట్టి రాశాడు. పిలిచినప్పుడు లేని మనిషిని వదిలేయకుండా ఇద్దరి తర్వాత మళ్ళీ పిలవాలి. ముసలివాళ్ళయితే లేచి రావడానికి ఇంకాస్త సమయం ఇవ్వాలి. చెవులు సరిగ్గా వినపడనివాళ్ళయితే తెర మీద అక్షరాలు పెద్దవి కావాలి. ఇలా ఒక్కొక్క రోగినీ మనసులో కుర్చీలో కూర్చోబెట్టుకుని రాశాడు. చాలా బాగా వచ్చింది. బాగా రావడంతో ఇంకా బాగా రావాలన్న ఆశ పుట్టింది, అక్కడే కొంప మునిగింది.

ఇక్కడ గిట్ అనే దాని గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. నలుగురు కలిసి ఒకే ప్రోగ్రాం రాస్తున్నప్పుడు ఎవరు ఏ ఫైల్లో ఏం మార్చారో గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. దానికి ఏ ఫైలునైనా మనం చేర్చాలి. చేర్చేదాకా ఆ ఫైలు మన మిషన్లో ఉన్నా గిట్ లెక్కలోకి రాదు, జట్టులో ఎవరికీ కనపడదు. చేతిలో ఉన్న సగం పనిని చేర్చకుండా, పోగొట్టుకోకుండా ప్రస్తుతానికి పక్కన పెట్టుకోవాలంటే స్టాష్ అనే కమాండు ఉంది. కొట్టగానే పని మొత్తం మూటకట్టుకుని ఎక్కడో దాక్కుంటుంది, ఫోల్డరు శుభ్రమైపోతుంది. కావాలన్నప్పుడు బయటికి తీసుకోవచ్చు. తర్వాత గారి లాంటివాడి కోసమే ఎవరో దీన్ని కూర్చుని కనిపెట్టి ఉంటారు.

మామూలు స్టాష్‌లో ఒక మెలిక ఉంది. అది లెక్కలో ఉన్న ఫైళ్ళనే పక్కన పెడుతుంది, కొత్తవాటిని పట్టించుకోదు. ఒకసారి ఈ సంగతి తెలియక ఆయన స్టాష్ కొట్టి, మిగిలిందంతా చెత్తే కదా అని ఫోల్డరు ఊడ్చేసి, కొత్తగా రాసిన ఫైలు కాస్తా పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ స్టాష్ పక్కన ఒక చిన్న యు అక్షరం తగిలించి కొట్టడం నేర్చుకున్నాడు. ఆ యు ఉంటే కొత్త ఫైళ్ళు కూడా మూటలోకి వెళ్తాయి. ఆ యు గురించి ఆయన ఎదురుపడినవాళ్ళందరికీ క్లాసు పీకేవాడు. జీవితంలో ఆయన వాయిదా వేయకుండా చెప్పిన పాఠం అదొక్కటే.

రోజూ జరిగే తంతు చెప్తాను వినండి. ఆయన పిలుపు తీసి రాస్తూ ఉంటాడు. ఆవిడ కుర్చీ జరిగిన చప్పుడవుతుంది. ఆవిడ ఇటు వస్తోందని తెలియగానే ఆయన వేళ్ళు వాటంతటవే స్టాష్ కొట్టేస్తాయి, యు తో సహా. సగం పని చూసి ఆవిడ ఏమనుకుంటుందో అని బెంగ. ఊళ్ళో అందరికంటే ఆవిడ ఏమనుకుంటుందోనన్న బెంగే ఎక్కువ. ఆవిడ వచ్చి భుజం మీదుగా తెర చూస్తుంది.

"పిలుపు ఎంతవరకు వచ్చింది సార్?"

"నడుస్తోంది మేడం."

"ఏదీ, ఒకసారి చూడనివ్వండి."

ఆవిడే వంగి గిట్‌ని అడుగుతుంది. చేర్చాల్సింది ఏమీ లేదు, అంతా శుభ్రంగా ఉంది అని గిట్ వినయంగా చెబుతుంది. ఫోల్డర్లో చూస్తుంది. పిలుపు అనే ఫైలే లేదు. ఆవిడ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటుంది. ఆయన హమ్మయ్య అనుకుని మూట విప్పుకుని మళ్ళీ రాయడం మొదలుపెడతాడు.

మొదట్లో ఆవిడకి కోపం వచ్చింది. తర్వాత దిగులు పట్టుకుంది. ఇంట్లో అడిగితే "అవుతోందే, కంగారు పడకు" అంటాడు. ఆఫీసులో చూస్తే అక్షరం ముక్క లేదు. ఈ మనిషికి నాతో రావాలని లేదేమో, ఆ మాట మొహం మీద చెప్పలేక ఇలా చేస్తున్నాడేమో అన్న అనుమానం కూడా ఒక పూట వచ్చింది. ఆ పూట బకెట్లు తనే మోసుకుని, తలుపేసుకుని ఏడ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమంటే సబ్బు పడిందంది. ఆయన నమ్మాడు.

మూడో నెలాఖరు వచ్చింది. ఆ మధ్యాహ్నం, భోజనం డబ్బాలు కడుక్కొచ్చి పెట్టాక, తర్వాత గారు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ చేర్చేయాలి. అంతకుముందే ఆవిడ అటుగా వచ్చినందుకు పిలుపు మూటలోనే ఉంది. పద్ధతి తప్పకూడదు కాబట్టి ముందు జట్టంతా చేర్చిన కొత్త మార్పులు తన మిషన్లోకి దించుకున్నాడు. చాలా రోజులుగా దించుకోలేదేమో, బోలెడన్ని వచ్చాయి. తర్వాత మూట విప్పమని గిట్‌ని అడిగాడు.

విప్పనంది. పిలుపు అనే పేరుతో ఇక్కడ ఇప్పటికే ఒక ఫైలు ఉంది కాబట్టి మీది పెట్టలేనంది. పైగా, మళ్ళీ అవసరం పడొచ్చేమోనని మీరు పక్కన పెట్టిందాన్ని అలాగే ఉంచాను అని మర్యాదగా ఇంకో ముక్క కలిపింది.

ఆయన ఆ ఫైలు తెరిచాడు. మొదటి గీతలో రాసినవారు అని ఉన్నచోట ఆయన పేరే ఉంది. తను రాయని ఫైలు మీద తన పేరు చూసుకుని ఒక్క క్షణం తనకేమైనా మతిపోయిందా అనుకున్నాడు. కిందికి చదివాడు. రెండు గీతలకోసారి ఒక ఖాళీ గీత వదలడం ఆయన అలవాటు, అలాగే ఉంది. బ్రాకెట్టు ముందు ఒక ఖాళీ వదలడం ఆయన చాదస్తం, అదీ ఉంది. మధ్యమధ్యలో "ఇది సరిపోదేమో, తర్వాత చూడాలి" అన్న వ్యాఖ్యలు కూడా ఉన్నాయి. ఎవరు చేర్చారని గిట్‌ని అడిగితే, ఆవిడ పేరు చెప్పింది.

ఆయనకి ముందు ఒళ్ళు మండింది. కట్టుకున్నది తనకి పని రాదనుకుంది! ఆ వెంటనే మొదటి గీత నుంచి ఇంకోసారి చదివాడు. తన చాదస్తాలన్నీ ఇంత వివరంగా తెలిసిన మనిషి ప్రపంచంలో ఇంకొకరు ఉండరని అర్థమైంది.

అయినా పనివాడు పనివాడే. ఆవిడ ఫైలు పేరు మార్చి పక్కన ఉంచి, తనది బయటికి తీసి నడిపించి చూశాడు. నడవలేదు. ఆయన మొదలుపెట్టినప్పుడు టోకెన్లంటే వట్టి అంకెలు. ఈలోగా ఆసుపత్రివాళ్ళు అడిగారని జట్టు ఆ అంకెల ముందు ఒక అక్షరం చేర్చింది. ఆయన పిలుపుకి ఆ అక్షరాలు తెలియవు. ఆసుపత్రే మారిపోయింది, ఆయన మాత్రం పాత హాల్లో పాత రోగుల్ని ఎంతో ప్రేమగా పిలుస్తున్నాడు. సరిచేయాలంటే వారమైనా పడుతుంది. ఆవిడది మొరటుగా ఉంది, లేచి వెళ్ళిన ప్రతివాణ్ణీ వరస చివరికి తోసేస్తోంది. కానీ నడుస్తోంది.

తనది మళ్ళీ మూటలోకి పంపి, ఆవిడది యథాస్థానంలో పెట్టాడు. కళ్ళతో సైగ చేసి ఆవిణ్ణి మెట్ల మీదికి పిలిచాడు.

"ఎందుకు చేశావే ఈ పని?"

"మీరు చేయలేదు కాబట్టి."

"చేశాను."

"ఎక్కడుంది మరి?"

"పక్కన పెట్టాను."

ఆవిడ గోడకి ఆనుకుంది.  "రోజూ మీ దగ్గరికి వచ్చి చూశానండీ. ఫోల్డర్లో ఏమీ లేదు."

"నువ్వొస్తుంటే స్టాష్ కొట్టేవాణ్ణి. యు పెట్టి."

"యు పెట్టి," అని ఆవిడ మెల్లిగా అంది. ఆ అక్షరం మీద అంత అసహ్యం ఇంకెవరికీ పుట్టి ఉండదు. "సరే. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు మేనేజరు పిలుస్తాడు, పిలుపు చూపించమంటాడు. మీ పేరే ఉంది. మీరేం మాట్లాడకుండా తలూపండి చాలు. ఆ ఊరు వెళ్ళాక నాది తీసేసి మీది పెట్టుకుందాం. సరేనా?"

"సరే" అన్నాడాయన. నిజంగానే సరే అనుకున్నాడు.

మేనేజరు గదిలో అందరూ నిలబడ్డారు, కుర్చీలు రెండే ఉన్నాయి. గోడ మీది తెర మీద పిలుపు నడిచింది. నంబర్లు వచ్చాయి, గొంతు పిలిచింది, పలకనివాళ్ళు చివరికి వెళ్ళారు. మేనేజరు మొహం వెలిగిపోయింది. ఆయన ఎవరు చేర్చారని గిట్‌ని అడిగే రకం కాదు, ఫైల్లో మొదటి గీత చదివి తృప్తిపడే రకం.

"శభాష్ తర్వాత గారూ! లేనివాళ్ళని చివరికి పంపడం, ఎంత సింపులు! చూశారా మేడం? మీరేమో మా ఆయన చేయలేడేమో, గడువు పెంచమని నా చుట్టూ తిరిగారు. కట్టుకున్నవాణ్ణి ఇంత తక్కువగా చూస్తే ఎలాగండీ? ఈ మూడు నెలల్లో మీరేం రాశారో నాకు తెలీదు గాని, రాసింది మాత్రం మీ ఆయన."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, నేల చూస్తూ.

తర్వాత గారు తలూపాల్సిన చోటు ఇదే. ఆ నవ్వు చూశాడు. అంతే, ఇంక ఆగలేకపోయాడు.

"అది నేను రాయలేదు సార్. మేడం రాసింది."

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, బాగు చేసుకోకుండా, పక్కన పెట్టకుండా బయటికి వదిలిన మొదటి మాట అది. గది గదంతా నోరు తెరిచింది. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి అర్థం చెప్పక్కర్లేదు.

"మరి నువ్వేం రాశావయ్యా?" అన్నాడు మేనేజరు.

"నేనూ రాశాను సార్. అది నడవదు."

మేనేజరు చెడ్డవాడు కాదు. తల పట్టుకున్నాడు, నీళ్ళు తాగాడు, అందర్నీ బయటికి పంపి తలుపేసుకున్నాడు. సాయంత్రానికి సంగతి తేల్చాడు. ఆవిడ వెళ్తుంది, అందులో మార్పు లేదు. పిలుపు తర్వాత గారి చేతి మీదుగా రాలేదు కాబట్టి రెండో చోటు టెస్టరుకి. అతను ఆ మాట విని సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, తర్వాత గారి చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు.

అందరూ మెట్లు దిగాక ఆవిడ ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఆయన వేళ్ళు కదల్లేదు.

"అన్నీ తర్వాత చెప్తారే, ఆ ఒక్కటీ తర్వాత చెప్పలేకపోయారా?"

"వాడు నిన్ను అంత మాటంటే..."

"అంటే అన్నాడు. రెండు నిమిషాలు పడేదాన్ని. ఇప్పుడు ఎన్నాళ్ళు పడాలి?" ఆవిడ బల్లకి ఆనుకుంది. "మీరు నిజం చెప్పినందుకు కోపం లేదండీ. ఎవరికీ చూపించకపోతే పోయారు, నాక్కూడా చూపించలేదు. నవ్వుతానేమో అనుకున్నారు కదూ? నేనా నవ్వేది?"

 

"జరగండి" అని ఆయన్ని లేపి ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంది. మూట తనే విప్పింది. ఆ నడవని ఫైలు మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివింది. ఇద్దరి తర్వాత మళ్ళీ పిలవడం చదివింది. ముసలివాళ్ళు లేచి రావడానికి ఆగడం చదివింది. వినపడనివాళ్ళ కోసం పెద్ద అక్షరాలు చదివింది. ఆయన పక్కన నిలబడి, పరీక్ష రాసిన పిల్లవాడిలా ఆవిడ మొహంకేసే చూస్తున్నాడు.

"ఎంత బాగా రాశారండీ" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది. ఈసారి సబ్బు అనలేదు.

ఈ మాట వినాలనే ఆయన మూడు నెలలు రాశాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. కొత్త ఊళ్ళో అద్దెకి చూసిన ఇంటాయన. ఎప్పుడు దిగుతున్నారు, ఎంతమంది ఉంటారని అడుగుతున్నాడు. ఆవిడ ఆయన వైపు చూసి, గొంతు సరిచేసుకుంది.

"ఒక్కదాన్నేనండీ" అంది.